అమ్మమ్మ మాటలు ఇటాలియన్‌లో చెప్పాలంటే

మా అక్క కూతురు ఉత్తర ఇటలీలోని వెర్చెల్లి ప్రాంతానికి కాపురానికి వెళ్లిన నాటి నుంచి, కోనసీమలోని మా ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఉత్తరాలు, ఫోను సందేశాలు, ఊరగాయ జాడీలతో పాటు పంపే చిన్న చిన్న చీటీలు నడుస్తున్నాయి. అక్కకు ఇటాలియన్ రాదు, ఆమె వియ్యపురాలికి తెలుగు రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. మొదట్లో ఫోనులోని అనువాద యంత్రాన్ని నమ్ముకున్నాము. "మా పిల్ల ఒట్టి పిచ్చిది, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని అక్క ఎంతో ఆప్యాయంగా రాసిన మాట, అటువైపు "మా అమ్మాయికి మతిస్థిమితం లేదు, ఒక కంట కనిపెట్టండి" అన్న అర్థంతో చేరింది. మరునాడు తెల్లవారకముందే అక్కడి నుంచి కంగారుగా ఫోను వచ్చింది. తెలుగు పంతులుగా పని చేసి ఇంటిపట్టున ఉంటున్న నేను ఇటాలియన్ నేర్చుకోవడానికి కారణం అదే. ఈ కొన్నేళ్లలో నాకు పట్టుబడిన పద్ధతిని, అటువంటి అవసరం ఉన్న మన వైపు కుటుంబాల కోసం ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. తెలుగు మాటను ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషును మళ్లీ ఇటాలియన్‌లోకి మార్చకండి. మనకు ఇంగ్లీషు తెలుసు కనుక ఆ దారి సులువనిపిస్తుంది గాని, రెండు ఒడ్డులూ ఎదురెదురుగా ఉన్నప్పుడు మూడో రేవుకు వెళ్లి పడవ మారడం వంటిదది. వియ్యంకుడు అన్న మాటనే తీసుకోండి. ఇంగ్లీషులో దానికి మామూలు వాడుకలో ఒక్క మాట లేదు, ఒక వాక్యం చెప్పుకోవాలి. ఇటాలియన్‌లో "కొన్సువొచెరొ" అంటే వియ్యంకుడు, "కొన్సువొచెర" అంటే వియ్యపురాలు. అలాగే ఎల్లుండి అన్నదానికి "దొపొదొమాని" అని ఒకే మాట ఉన్నది, మొన్నకు "లాల్త్రొ యేరి" ఉన్నది. అందువల్ల ఏ మాటనైనా మార్చబోయే ముందు, దానికి ఇంగ్లీషులో ఏమంటారని కాక, ఈ మాటను మన ఇంట్లో ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారని అడగండి. అదే సందర్భంలో ఇటలీలోని అమ్మమ్మ ఏమంటుందో వెతకండి. దొరికినదే అనువాదం.

పలకడంలో మనకు పుట్టుకతో వచ్చిన సదుపాయాలు కొన్ని ఉన్నాయి. ఇటాలియన్ మాటల్లో చాలా భాగం మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. వారి త, ద ధ్వనులు మన త, ద ధ్వనులే తప్ప ఇంగ్లీషు నుంచి మనకు అలవాటైన ట, డ కావు. ఇంగ్లీషు బడిలో చదివిన పిల్లలు "టి ఆమొ" అంటారు, ఏమీ చదవని వారి తాత "తి ఆమొ" అని సరిగ్గా పలుకుతాడు. ఇక ద్విత్వాలు. అక్క, అత్త, పప్పు అని రోజూ అనే మనకు వత్తు పలకడం నేర్పనక్కర లేదు గాని, రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త తప్పనిసరి. "పెన్న" అంటే కలం, "పేన" అంటే బాధ. "నొన్నొ" అంటే తాతయ్య, "నోనొ" అంటే తొమ్మిదవవాడు. "కప్పెల్లొ" టోపీ, "కపెల్లొ" వెంట్రుక. వయసు చెప్పేటప్పుడు సంవత్సరం అన్న అర్థంలో వచ్చే "అన్నొ" అన్న మాటలో ఒక్క వత్తు జారిపోయిందంటే నలుగురిలో అనరాని శరీరభాగం పేరు అవుతుంది. పెద్దవాళ్ల పుట్టినరోజు శుభాకాంక్షలు రాసేవారు ఈ ఒక్క మాటను రెండుసార్లు చూసుకోవాలి.

చ అక్షరం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మా అల్లుడు మొదటిసారి ఫోనులో మాట్లాడి, పెట్టేసే ముందు నవ్వుతూ "చావొ, నొన్న" అన్నాడు. పక్కనే ఉన్న అక్క అత్తగారు గుండె మీద చేయి వేసుకున్నారు. కొత్త అల్లుడు చావమంటున్నాడా అని ఆమె సందేహం. నిజానికి ఆ రెండు చకారాలూ ఒకటి కావు. తెలుగులో చాప, చాలు, చావు అన్నప్పుడు నాలుక పళ్లకు తగిలి దంత్యమైన ౘ పలుకుతుంది. పాత నిఘంటువులలో దీనిని గుర్తించడానికి అక్షరం పైన 2 అంకె వంటి గుర్తు వేసేవారు. చిలుక, చెరువు అన్నప్పుడు పలికేది తాలవ్యమైన చ. ఇటాలియన్ వీడ్కోలులో ఉన్నది రెండవది, కనుక చిలుకలోని చకారాన్ని పట్టుకుని "చావొ" అనాలి. ఆ మాట పుట్టుక కూడా మనవారికి నచ్చేదే. వెనిస్ ప్రాంతపు మాండలికంలో "మీ దాసుడను" అన్న వినయపు మాట అరిగి అరిగి ఇలా మిగిలింది. మన దంత్య ౘ కూడా వృథా కాదు. పిౙ్జా అనో పిజ్జా అనో మనం అనే తినుబండారాన్ని అక్కడివారు "పిౘ్ౘ" అంటారు, కృతజ్ఞత చెప్పేటప్పుడు "గ్రాౘియె" అంటారు. జాము, జోల అన్నప్పుడు వచ్చే దంత్య ౙకారం వారి "ౙీయ"లో ఉన్నది. ౙీయ అంటే పిన్ని, అత్త, దొడ్డమ్మ, అందరూ.

బంధుత్వాల వద్ద ఇటాలియన్ మన కన్నా బీద భాష. మామయ్య, బాబాయి, పెదనాన్న ముగ్గురూ "ౙీయొ"లే. మనవడు, మనవరాలు, మేనల్లుడు, మేనకోడలు నలుగురినీ కలిపి "నిపోతె" అనేస్తారు, పసివాళ్లయితే "నిపొతీనొ", "నిపొతీన" అంటారు. వదిన, మరదలు, తోడికోడలు "కొఞ్ఞాత"లో కలిసిపోతారు. అల్లుడు "జేనెరొ", కోడలు "నువోర", అత్తగారు "సువొచెర". మేనబావ అంటే "కుజీనొ" అని రాయవచ్చు గాని, ఆ మాటలో మన బావలో ఉన్న పరిహాసం, పెళ్లి వరస ఏవీ ఉండవు. అవసరమైతే పక్కన ఒక వాక్యం చేర్చడమే మార్గం. అసలు తికమక అంతా పసివాడి చుట్టూ ఉంటుంది. మన డెల్టాలో నాన్న తల్లిని మామ్మ అంటాము, అక్కడ "మమ్మ" అంటే కన్నతల్లి. ఇక్కడ నాన్న అంటే తండ్రి, అక్కడ "నొన్న" అంటే అమ్మమ్మ, మామ్మ ఇద్దరూ. "మా పాప వచ్చింది" అని మనం మురిసిపోతే అక్కడివారికి రోములో ఉండే పోపుగారు వచ్చారని వినిపిస్తుంది, ఎందుకంటే "పాప" అంటే ఆయనే. చివరి అచ్చును ఊని "పపా" అంటే నాన్న, మధ్యలో వత్తు పెట్టి "పప్ప" అంటే పసిపిల్లలకు పెట్టే మెత్తని ఆహారం. మా మనవడికి రెండేళ్లు వచ్చేసరికి ఇవన్నీ విడివిడిగా తెలిశాయి, పెద్దలకే ఇంకా తడబాటు తీరలేదు.

ప్రేమ విషయానికి వస్తే ఇటాలియన్‌లో రెండు దారులు ఉన్నాయి, వాటిని కలపకూడదు. "తి ఆమొ" ప్రేయసీప్రియులకు, భార్యాభర్తలకు చెందినది. అమ్మ, కూతురు, తమ్ముడు, స్నేహితురాలు, అమ్మమ్మ వీరందరికీ "తి వోల్యొ బేనె" అంటారు. దాని అక్షరార్థం "నీ మేలు కోరుతున్నాను" అని. మన ఇళ్లలో అసలు ప్రేమ అన్న మాటను పైకి అనము, "నువ్వంటే నాకు ప్రాణం" అనో, ఏమీ అనకుండా "చిక్కిపోయావేమే" అనో సరిపెడతాము. అందువల్ల తెలుగులో ప్రేమ అన్న మాట లేదు కదా అని దీనిని వదిలేయకండి. కూతురికి రాసే ఉత్తరం చివర, తెలుగులో మీరు ఏమీ రాయని చోట కూడా, ఇటాలియన్‌లో "తి వొల్యామొ బేనె" అని రాయడం సహజం, అంటే మేమందరమూ అని అర్థం. మీరు అని పిలిచే పెద్దావిడకైతే "లె వోల్యొ బేనె" అవుతుంది. "నువ్వే నా ప్రాణం" అన్న గాఢత కావాలంటే "సేయి ల మీయ వీత" ఉన్నది, కాని దానిని పొదుపుగా వాడాలి.

బెంగ అన్న మన మాటకు ఇంగ్లీషు దారిలో వెళ్తే దిగులు, ఆందోళన, విచారం వంటివి దొరుకుతాయి, ఒక్కటీ అతకదు. ఇటాలియన్‌లో "మి మంకి" అని ఒక వాక్యం ఉంది. దాని కూర్పు చూడండి: "మి" అంటే నాకు, "మంకి" అంటే లోటుగా ఉన్నావు. నువ్వు నాకు లోటుగా ఉన్నావు. ఇక్కడ బెంగపడే మనిషి వాక్యానికి కర్త కాదు, దూరంగా ఉన్న మనిషి కర్త. నాకు బెంగగా ఉంది, నాకు లోటు తెలుస్తోంది అని "కు" విభక్తితో చెప్పుకునే మనకు ఇది పరాయి వాక్యమే కాదు. మాకందరికీ బెంగగా ఉంది అనాలంటే "చి మంకి తంతొ", అమ్మ మీద బెంగగా ఉంది అనాలంటే "మి మంక ల మమ్మ". మా కుర్రవాళ్లు ఈ మాట వినగానే కోతి గుర్తొచ్చి నవ్వుతారు, ఆ కోతి కూడా ఇంగ్లీషు నుంచి దిగినదే. ఇష్టం చెప్పే క్రియకూ ఇదే కూర్పు. నాకు పాట నచ్చుతుంది, నాకు పాటలు నచ్చుతాయి అన్నప్పుడు మన క్రియ పాటను బట్టి మారినట్టే, ఒక వస్తువైతే "మి పియాచె", అనేకమైతే "మి పియాచ్చొనొ" అవుతుంది. ఆత్రేయపురం వెళ్లినప్పుడు వియ్యపురాలు "మి పియాచ్చొనొ ఇ పూతరేకులు" అన్నది, వ్యాకరణం మన చెవికి కొట్టినట్టు సరిపోయింది. "మి పియాచి" అని మనిషితో అంటే మాత్రం "నువ్వు నాకు నచ్చావు" అని సరసపు మాట అవుతుంది, మేనకోడలి ఆడపడుచుకు రాయకండి. ఈ పోలిక అన్నిచోట్లా నిలవదని కూడా చెప్పాలి. నాకు ఆకలి, నాకు దాహం, నాకు చలి అని మనం అంటాము, వారు "ఒ ఫామె", "ఒ సేతె", "ఒ ఫ్రెద్దొ" అంటారు, అంటే ఆకలిని కలిగి ఉన్నాను అన్న తీరు.

ముద్దు పేర్లలో మనం మాట ముందు చేర్చే పనిని వారు మాట చివర చేస్తారు. చిట్టి చేతులు అంటే "మనీనె", బుల్లి పాదాలు "పియెదీని", చెల్లి "సొరెల్లీన", అమ్మమ్మను ముద్దుగా "నొన్నీన". మాట తోక పట్టుకుని చిన్నది చేయడం వారి ఆప్యాయత. బుజ్జి అన్నదానికి "కుచ్చొలొ" దగ్గరగా ఉంటుంది, నిజానికి అది కుక్కపిల్లను చెప్పే మాట. బంగారం అన్నదాన్ని లోహం పేరుతో మార్చవద్దు, "తెజోరొ" అనండి, అంటే నిధి. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా ఇది "తెజోరొ మీయొ" గానే ఉంటుంది, బంగారుతల్లి, బంగారుతండ్రి అన్న తేడా రాదు. "అమోరె" అన్న మాటను కూడా పసిపిల్లలకు ధారాళంగా వాడతారు కనుక జంకవలసిన పని లేదు. కన్నయ్యలోని కృష్ణుడు ఏ అనువాదంలోనూ రాడు, "జోయ మీయ" అని, అంటే నా ఆనందమా అని, తృప్తి పడవచ్చు. పిచ్చి తల్లి అన్నది మా కొంప ముంచిన మాట కనుక గట్టిగా చెబుతున్నాను: "పౘ్ౘ" అని ఎన్నడూ రాయకండి, "షొక్కీన" అనండి, అందులో అమాయకత్వమూ ముద్దూ రెండూ ఉన్నాయి.

మనం కూతురిని అమ్మా అని, కొడుకును నాన్నా అని పిలుస్తాము. ఇది విన్న ఉత్తర ఇటలీవారు ఎవరైనా తెల్లబోవచ్చు గాని, దక్షిణ ఇటలీలో దీనికి చుట్టం వంటి అలవాటు ఒకటి ఉన్నది. అక్కడ తల్లి బిడ్డను పిలుస్తూ తన వరసనే బిడ్డకు తగిలిస్తుంది. "బెల్లొ అ మమ్మ" అన్నమాటలో అమ్మ అనేది పిలిచే మనిషి, పిలిపించుకునేవాడు కొడుకు. మనకు బిడ్డ ఆడా మగా అన్నదాన్ని బట్టి వరస మారుతుంది, వారికి పిలిచేవారిని బట్టి మారుతుంది. ప్రామాణిక భాషలో "అమోరె ది మమ్మ", "తెజోరొ ది నొన్న" అని రాస్తే అందరికీ అర్థమవుతుంది, అమ్మమ్మ గొంతు కూడా వినిపిస్తుంది. అమ్మకూచి అన్నదానికి రెండు మాటలు ఉన్నాయి. "కొక్కొ ది మమ్మ" ముద్దుగా అనేది, "మమ్మోనె" అంటే పెళ్లీడు దాటినా తల్లి కొంగు వదలనివాడని ఎత్తిపొడుపు. "కొక్కొ" అంటే కొబ్బరి కూడా కావడం వల్ల మా కోనసీమలో ఆ మాట ఇట్టే అతుక్కుపోయింది.

గౌరవం చూపే పద్ధతి తెలిసి ఉంటే సగం పొరపాట్లు తప్పుతాయి. నువ్వుకు "తు", మీరుకు "లేయి" ఉన్నాయి. "లేయి" అంటే వ్యాకరణ రీత్యా "ఆమె". ఎదుటివారు మగవారైనా సరే ఆమె అన్న రూపంలోనే క్రియ వస్తుంది. తమరు అన్నట్టు దూరం పాటించి మాట్లాడటమని సరిపెట్టుకోండి. మన వైపు ప్రతి మాట చివరా వచ్చే అండి, ఆయ్ అనే సమ్మతి విడి మాటలుగా అక్కడ దొరకవు, అవి క్రియలోకి ఇంకిపోతాయి. చెప్పు అంటే "దిమ్మి", చెప్పండి అంటే "మి దీక". దుకాణదారుడు మనల్ని చూడగానే అనేది కూడా ఈ "మి దీక"యే, సరిగ్గా మన కిరాణా కొట్టులో "చెప్పండి" అన్నట్టు. ఆయ్ అనదలచిన చోట "సి, సిఞ్ఞోర" అంటే సరిపోతుంది. పిల్లలు తల్లిదండ్రులను, మామూలుగా తాతలనూ తు అనే పిలుస్తారు, దానిని పెంకితనంగా తీసుకోకూడదు. వియ్యాలవారి మధ్య మొదట లేయి నడుస్తుంది. కొన్నాళ్లకు పెద్దవారు "దియామొచి దెల్ తు" అంటారు, ఇక నువ్వు అనే పిలుచుకుందాం అని. అంతవరకూ మనంతట మనం తుకు దిగకపోవడం మర్యాద. మా అక్క మాత్రం వారు అలా అన్న తరువాత కూడా లేయి వదలలేదు. వియ్యపురాలిని నువ్వు అంటే నోరు తిరగదని ఆమె వాదన, నేను కాదనలేకపోయాను.

మా, మన అన్న తేడా ఇటాలియన్‌లో లేదు, కాని చిక్కు అక్కడ కాదు. మనం ఒక్కరమే ఉన్నా మా అమ్మ, మా ఆవిడ, మా ఊరు అంటాము. దాన్ని అలాగే "నోస్త్ర" అని మారిస్తే, ఆ భార్య ఎందరికి భార్య అన్న ప్రశ్న పుడుతుంది. "మీయ మోల్యె" అని ఏకవచనంలో రాయాలి. మరో చిన్న నియమం కూడా ఇక్కడే నేర్చుకోవడం మేలు. తల్లి, తండ్రి, సోదరి వంటి మాటలు ఏకవచనంలో ఉంటే వాటి ముందు "ఇల్", "ల" అనే ఉపపదాలు రావు, ముద్దు రూపాలైతే వస్తాయి. "మీయ సొరెల్ల", కాని "ల మీయ సొరెల్లీన".

భోజనాల దగ్గర రెండు భాషలూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. మొహమాటపడకండి అన్న మాటకు ఇంగ్లీషులో సిగ్గు, ఇబ్బంది వంటివేవో వస్తాయి. ఇటాలియన్‌లో "నొన్ ఫచ్చ కొంప్లిమెంతి" అని అచ్చంగా అదే ఉంది, ఇంట్లో వాళ్లకైతే "నొన్ ఫారె కొంప్లిమెంతి". ఇంకొంచెం వేసుకో అనాలంటే "ప్రెందినె అంకోర ఉన్ పొ". పొట్ట పగిలిపోతోంది అన్నదానికి "స్తొ స్కొప్పియాందొ" అంటే, అదే పగలడం. గోరుముద్దలు అన్న మాటను మార్చబోయి చాలాకాలం తంటాలు పడ్డాను. ముద్దకు "బొక్కోనె", చిన్న ముద్దకు "బొక్కొన్చీనొ" ఉన్నాయి, గోటితో కలిపిన ముద్ద అన్న భావం వాటిలో లేదు. అయితే పసివారికి నోట్లో పెట్టి తినిపించడాన్ని చెప్పడానికి "ఇంబొక్కారె" అనే ఒకే క్రియ ఉంది. "నొన్న లొ ఇంబొక్క" అంటే అమ్మమ్మ వాడికి నోట్లో పెట్టి తినిపిస్తోంది అని చిత్రం కళ్లకు కడుతుంది. జోలపాటను "నిన్న నన్న" అంటారు. తిన్నావా అన్న ప్రశ్నను "అయి మంజాతొ" అని కొడుకును అడగవచ్చు, కూతురైనా క్రియ మారదు. బయటివారిని పలకరింపుగా అడిగితే మాత్రం భోజనానికి పిలుస్తున్నారనుకుంటారు.

ఆవకాయను ఆవకాయ అనే రాయండి. వెనిగర్‌లో ఊరినవాటిని ఒక మాటతో, నూనెలో ఊరినవాటిని "సొత్తోలియొ" అన్న మాటతో పిలుస్తారు, రెండవది కొంత దగ్గర. ఆవ అన్నందుకు "మొస్తార్ద" అనకూడదు, ఎందుకంటే క్రెమోన వైపు ఆ పేరుతో తినేది పండ్లను పంచదార పాకంలో వేసి ఆవ ఘాటు చేర్చిన పదార్థం. ఆవాలకు "సేనపె" సరైన మాట. కాఫీ విషయంలో ఒక్క ముక్క: "లత్తె" అంటే పాలు మాత్రమే, అది అడిగితే పాలగ్లాసు ఇస్తారు, మన తరహా పాలకాఫీకి "కఫ్ఫెలత్తె" అనాలి.

వెర్చెల్లి, నొవార, పవీయ ప్రాంతాలు పో నది మైదానంలో వరి పండించే నేల. అక్కడి కావూర్ కాలువ తవ్వకం 1866లో ముగిసింది, మన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువ నీటితో బతికే ఊళ్లు కనుక మన మాటలకు అక్కడ నెలవు ఉంది. కాలువ "కనాలె", గట్టు "ఆర్జినె", లాకు "కియూజ", నదీపాయను కొమ్మ అన్న అర్థంలో "రామొ" అంటారు, వరిచేను "రిజాయ". ఒకప్పుడు అక్కడ మోకాలి లోతు నీళ్లలో వంగి కలుపు తీసిన ఆడకూలీలను "మొందీనె" అని పిలిచేవారు. మన ధాన్యం, బియ్యం, అన్నం అన్న మూడు దశలలో ధాన్యానికి "రిజోనె" అన్న మాట ఉన్నది, బియ్యం, అన్నం రెండూ "రీజొ"యే. నవ్వు అన్నది కూడా అలాగే రాసే మాట. నాకు అన్నిటికన్నా వింతగా తోచినది "బచీనొ". నదీ పరీవాహక ప్రాంతమూ అదే, చిన్న ముద్దు కూడా అదే.

దీవెనలలో ఒక ఉచ్చు ఉంది. చల్లగా ఉండు అన్నది ఎండలో బతికే మన దీవెన. అక్కడ చలికాలంలో పొలాల మీద మంచు కప్పి ఉంటుంది, "ఫ్రెద్దొ" అన్న మాట మనిషికి చేరిస్తే ప్రేమ లేనివాడని అర్థం. "దీయొ తి బెనెదీక" అని దైవం పేరుతో దీవించండి, లేదా "స్తమ్మి బేనె" అనండి. ఆ రెండవ దానిలో "నాకోసమైనా బాగుండు" అన్న తడి ఉంది. నిండు నూరేళ్లు అన్నదానికి వెతకనవసరం లేదు, పుట్టినరోజున "చెంతొ ది క్వెస్తి జోర్ని" అంటారు, ఇటువంటి రోజులు నూరు అని. పిల్లవాడు తుమ్మితే మనం చిరంజీవ అన్నట్టు వారు "సలూతె", అంటే ఆరోగ్యం, అంటారు. వెళ్లొస్తాను అన్నదాన్ని ముక్కస్య ముక్కగా మార్చి "వాదొ ఎ తోర్నొ" అనకండి, ఇప్పుడే వచ్చేస్తాను అన్న అర్థంలో అది వాడుకలో ఉంది, మీ కోసం తలుపు తీసి ఉంచుతారు. "చి వెదియామొ ప్రెస్తొ" అంటే త్వరలో కలుద్దామని. "అద్దీయొ" ఇక చూడమన్నట్టు వినిపించే మాట, వెళ్తాను అనడానికే జంకే మనవారికి అది అసలు పనికిరాదు.

దిష్టి గురించి రాయకుండా ఈ విషయం పూర్తి కాదు. వారి "మలొక్కియొ" అక్షరాలా చెడ్డ కన్ను. దిష్టి తీయడాన్ని "తోల్యెరె ఇల్ మలొక్కియొ" అంటారు, తీయడం అన్న క్రియ కూడా కలిసింది. మనం ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పులో వేస్తే, దక్షిణ ఇటలీలో పళ్లెంలో నీళ్లు పోసి ఆలివ్ నూనె చుక్కలు వదిలి, అవి ఎలా పరుచుకున్నాయో చూస్తారు. మా అక్క వీడియోలో మనవడికి దిష్టి తీస్తుంటే నేను ఈ ఒక్క మాటే చెప్పాను, అటువైపు వియ్యపురాలు ఇంకేమీ అడగలేదు.

ఊతపదాలకు ఎక్కువ ఆలోచన అక్కర లేదు. అమ్మ బాబోయ్ అంటే "మమ్మ మీయ", అయ్యో పాపం అంటే "పొవెరీనొ", ఆడవారికైతే "పొవెరీన". అబ్బా అని విసుక్కోవడానికి "ఉఫ్ఫ", పోరా అని ముద్దుగా తోసిపుచ్చడానికి "మ వా". అంతకన్నానా, అలా అయితే ఎంత బాగుండు అనేవి రెండూ "మగారి"లో ఇమిడిపోతాయి.

రాసిన తరువాత సరిచూసుకోవడం ఇలా. మొదట తెలుగు వాక్యాన్ని విడగొట్టండి. వచ్చి, చూసి, తిని, పడుకుని అంటూ మనం అసమాపక క్రియలతో అల్లే పొడవైన వాక్యం అటు వెళ్తే చిక్కుపడుతుంది, ఒక క్రియకు ఒక వాక్యం చాలు. ఇటాలియన్ రూపాన్ని, ఉచితంగా దొరికే త్రెక్కాని నిఘంటువులో ఉదాహరణలతో సహా చూడండి. భాషకు పెద్ద దిక్కుగా 1583లో ఫ్లోరెన్సులో ఏర్పడిన "అక్కదేమియ దెల్ల క్రూస్క" ఉంది, 1612లో తన నిఘంటువు తొలి కూర్పును వెలువరించింది. క్రూస్క అంటే తవుడు. మాటలను జల్లించి పిండిని, తవుడును వేరు చేస్తామని ఆ పేరు, వరిమిల్లుల మధ్య పెరిగిన మనకు దానిని వివరించనక్కర లేదు. ఆ తరువాత మీ వాక్యాన్ని యంత్రానికి ఇచ్చి ఇటాలియన్ నుంచి తెలుగులోకి తిప్పించండి. యంత్రం రాయడానికి కన్నా తప్పు పట్టుకోవడానికి బాగా పనికివస్తుంది. వచ్చిన తెలుగు మీ ఇంట్లో ఎవరూ అనని మాటలా ఉంటే మళ్లీ మొదలుపెట్టాలి. చివరగా బిగ్గరగా చదవండి, ఆడ మగ తేడాలు అప్పుడే చెవికి దొరుకుతాయి: సంతోషంగా ఉన్నానని తాత "సోనొ కొంతెంతొ" అంటాడు, అమ్మమ్మ "సోనొ కొంతెంత" అంటుంది.

ఈ మధ్య జాడీతో పాటు అక్క పంపిన చీటీని నమూనాగా ఇస్తున్నాను. తెలుగులో ఆమె నాకు చెప్పినది ఇది: "వదినగారికి నమస్కారం. అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను. నేను స్వయంగా పెట్టిన ఆవకాయ కొంచెం పంపుతున్నాను. కారంగా ఉంటుంది, పిసరంత చాలు. మన మనవడి మీద బెంగగా ఉంది. నా తరపున వాడికి ఒక ముద్దు పెట్టండి." వియ్యపురాళ్లు ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకోవడం అక్కడ లేదు, కొన్సువొచెర అన్నది కూడా మూడో మనిషితో చెప్పేటప్పుడు వాడే మాటే, కనుక "కార" అని రాసి ఆమె పేరు వేశాను. తరువాత ఇలా సాగింది: "స్పేరొ కె స్తియాతె తుత్తి బేనె. లె మందొ ఉన్ పొ ది ఆవకాయ ఫత్త ద మె. ఎ పిక్కాంతె, నె బస్త పొకిస్సిమ. ఇల్ నోస్త్రొ నిపొతీనొ మి మంక తంతొ. ల్యి దీయ ఉన్ బచీనొ ద పార్తె మీయ. ఉన్ అబ్బ్రాచ్చొ." నోస్త్రొ వద్దని పైన అన్న నేను ఇక్కడ దానిని ఉంచాను, వాడు నిజంగా ఇద్దరికీ మనవడే కనుక. చివరి మాటకు కౌగిలింత అని అర్థం. అది చదివి వినిపిస్తే అక్క కాసేపు సందేహించి, ఆడవాళ్ల మధ్యే కదా, ఉండనీ అన్నది.